మారే స్నేహాలను లెక్కించడం ఎలా? కాలంతో మారే సామాజిక నెట్‌వర్క్‌ల మోడలింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో గణాంక శాస్త్రం, సామాజిక శాస్త్రం, ప్రజారోగ్యం చదివే విద్యార్థులు, బస్తీల్లో పనిచేసే కార్యకర్తలు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలివి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇందులో వచ్చే హాస్టల్ ఉదాహరణ, దాని అంకెలు ఊహించి చెప్పినవి. పేరుపెట్టి చెప్పిన అధ్యయనాలన్నీ నిజంగా జరిగినవి.

ముందుగా ఒక మాట. తెలుగులో ‘నమూనా’ అనే పదాన్ని శాంపిల్‌కూ వాడతాం, మోడల్‌కూ వాడతాం. ఈ రెండూ కలిసిపోతే ఇక్కడ పెద్ద గందరగోళం. అందుకే ఇందులో మోడల్‌ను (మార్పు ఎలా జరుగుతుందో లెక్కల్లో రాసిన ఊహను) మోడల్ అనే రాశాను.

నెట్‌వర్క్ పటం ఒకసారి గీస్తే చాలదా? కాలాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోవాలి?

ఎవరికి ఎవరు దగ్గరో పటంగా గీసే పద్ధతి పాతదే. మనుషులను చుక్కలుగా, వారి ఇష్టాలను గీతలుగా చూపించే పటాలను జేకబ్ మొరెనో 1934లోనే పుస్తకంగా తెచ్చాడు. అయితే అలాంటి పటం ఒక్క రోజు సంగతే చెబుతుంది.

అమీర్‌పేటలో పోటీ పరీక్షల కోచింగ్‌కు వచ్చిన 30 మంది అమ్మాయిలు ఉండే హాస్టల్ ఒకటి ఊహించుకోండి. జులైలో అడిగితే 60 స్నేహాలు లెక్కకు వచ్చాయి. నవంబరులో అడిగితే 58. అంకెలు చూస్తే ఏమీ మారనట్టే ఉంది. పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే రెండుసార్లూ ఉన్నవి 40 మాత్రమే. పాతవి 20 పోయాయి, కొత్తవి 18 వచ్చాయి. మనకు కావలసిన కథ ఆ 38 మార్పుల్లో ఉంది. ఒకే గదివాళ్లు దగ్గరయ్యారా? ఒకే జిల్లా నుంచి వచ్చినవాళ్లు విడిపోయారా? వారాంతపు పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి చుట్టూ కొత్తగా గుంపు చేరిందా? జులై పటాన్ని ఎంతసేపు చూసినా ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్‌తో పని జరగదా?

జరగదు. ఒక సంగతి జరుగుతుందా లేదా అని అంచనా వేసే ఆ పద్ధతి, డేటాలోని ప్రతి వరుసనూ మిగతావాటితో సంబంధం లేని పరిశీలనగా చూస్తుంది. స్నేహాలు అలా ఉండవు. లలిత సరోజను స్నేహితురాలని చెబితే, సరోజ కూడా లలిత పేరు చెప్పే అవకాశం పెరుగుతుంది. ఆ ఇద్దరికీ తెలిసిన మూడో అమ్మాయి ఉంటే ఆ మూడు గీతలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటిని విడివిడిగా లెక్కించినప్పుడు సాధారణంగా ప్రామాణిక దోషం (అంచనాలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే కొలత) ఉండవలసిన దానికంటే తక్కువగా కనిపించి, లేని నమ్మకం వస్తుంది.

పైగా నెట్‌వర్క్ ఎంత పెద్ద వస్తువో చాలామంది ఊహించరు. 30 మందిలో ‘ఎవరు ఎవరి పేరు చెప్పారు’ అనే జంటలు 870. ఒక్కో జంటలో గీత ఉండవచ్చు, లేకపోవచ్చు. అంటే సాధ్యమయ్యే పటాల సంఖ్య 2ను 870 సార్లు హెచ్చవేస్తే వచ్చేది. ఆ సంఖ్యలో 262 అంకెలుంటాయి. ఒక్క హాస్టల్‌కే ఇంత. అందుకే ఈ రంగంలో చాలా మోడళ్లు సూత్రంతో నేరుగా జవాబు తేల్చవు, కంప్యూటర్‌లో అనుకరణలు నడిపి అంచనా వేస్తాయి.

ఎన్ని రకాల మోడళ్లున్నాయి? నాకు ఏది కావాలి?

మీ డేటా ఎలా వచ్చిందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

కొన్ని నెలలకోసారి అందరినీ అడిగి పటం తీసుకున్నారు, మనుషులు తమ సంబంధాలను తామే మార్చుకుంటారని నమ్ముతున్నారు అనుకోండి. అప్పుడు టామ్ స్నైడర్స్ 1990ల నుంచి అభివృద్ధి చేసిన, వ్యక్తి ఎంపిక ఆధారంగా నడిచే మోడల్ సరిపోతుంది. సియెనా అనే పేరుతో ప్రచారంలో ఉన్నది ఇదే. దీనికి పునాది 1977లో హాలండ్, లైన్‌హార్ట్ వేశారు: నెట్‌వర్క్ మార్పును నిరంతర కాలంలో నడిచే మార్కోవ్ గొలుసుగా (తర్వాతి అడుగు ఇప్పటి స్థితి మీదే ఆధారపడే ప్రక్రియగా) చూడాలన్నది వారి ఆలోచన.

రెండో కుటుంబం ఎర్గ్‌మ్ (ఎక్స్‌పొనెన్షియల్ ర్యాండమ్ గ్రాఫ్) మోడళ్లది. 1986లో ఫ్రాంక్, స్ట్రాస్ రాసిన పత్రం దీనికి మూలం. ఇవి వ్యక్తి వైపు నుంచి కాకుండా పటం మొత్తం వైపు నుంచి చూస్తాయి: జంట గీతలు (ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెప్పినవి) ఎన్ని, త్రికోణాలు (ముగ్గురి మధ్యా గీతలున్నవి) ఎన్ని అని. వీటికి కాలాన్ని జోడించినవి 2010 ప్రాంతంలో వచ్చాయి. క్రివిట్‌స్కీ, హ్యాండ్‌కాక్ 2014లో ప్రచురించిన రూపం నాకు చాలా ఇష్టం. బంధం పుట్టడానికీ నిలవడానికీ కారణాలు వేరుగా ఉండవచ్చని అది ఒప్పుకుంటుంది. మన అపార్ట్‌మెంట్లలో చూడండి. ఒకే లిఫ్టులో రోజూ ఎదురుపడటం పరిచయానికి కారణం కావచ్చు. ఆ పరిచయం పదేళ్లు నిలవడానికి అది చాలదు.

ప్రతి సంఘటనకూ సమయం నమోదై ఉంటే (ఫోన్ కాల్, సందేశం, డబ్బు బదిలీ) 2008లో కార్టర్ బట్స్ ప్రతిపాదించిన సంఘటనల మోడల్ చూడండి. మనుషులను కంటికి కనిపించని ఒక స్థలంలో బిందువులుగా ఉంచి, వారి దూరాలు ఎలా మారుతున్నాయో అంచనా వేసే మోడళ్లు కూడా ఉన్నాయి. చూడటానికి అందంగా ఉంటాయి. ‘ఎందుకు మారింది’ అన్న ప్రశ్నకు మాత్రం వాటిలో నేరుగా జవాబు దొరకడం కష్టం.

వ్యక్తి ఎంపిక ఆధారంగా నడిచే మోడల్ లోపల నిజంగా ఏమి జరుగుతుంది?

రెండు సర్వేల మధ్య మార్పులన్నీ ఒక్కసారిగా జరగలేదని, ఒక్కొక్కటిగా జరిగాయని మోడల్ అనుకుంటుంది. ప్రతి చిన్న అడుగులోనూ ఒకే ఒక్క మనిషికి అవకాశం వస్తుంది. ఆ మనిషి ఒక గీతను చేర్చవచ్చు, ఉన్నదాన్ని తీసేయవచ్చు, ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. అవకాశం ఎంత తరచుగా వస్తుందో ఒక భాగం చెబుతుంది, వచ్చినప్పుడు దేన్ని ఎంచుకుంటారో మరో భాగం చెబుతుంది.

మన హాస్టల్‌లో లలితకు అవకాశం వచ్చిందనుకుందాం. అంచనా వేసిన గుణకాలు (ఒక్కో కారణానికి ఎంత బరువుందో చెప్పే అంకెలు) ఇలా ఉన్నాయి: ఏ స్నేహమైనా కొత్తగా చేర్చడానికి మైనస్ 2.2, అవతలి వారు ఇప్పటికే తన పేరు చెప్పి ఉంటే ప్లస్ 1.6, మూసుకునే ప్రతి త్రికోణానికీ ప్లస్ 0.4. సరోజ ఇప్పటికే లలిత పేరు చెప్పింది, ఆమెతో కలిస్తే రెండు త్రికోణాలు మూసుకుంటాయి. లెక్క: −2.2 + 1.6 + 0.8 = 0.2. పై అంతస్తులో ఉండే, ఎవరి ద్వారానూ తెలియని మరో అమ్మాయి విషయంలో −2.2 మాత్రమే. ఈ రెండింటి మధ్య తేడా 2.4. e (సుమారు 2.718) అనే సంఖ్యకు దాన్ని ఘాతాంకంగా పెడితే సుమారు 11. అంటే లలిత ఆ అపరిచితురాలి కంటే సరోజను ఎంచుకునే అవకాశం 11 రెట్లు ఎక్కువ. ఊరుకుంటే విలువ సున్నా, కాబట్టి సరోజను చేర్చడం ఊరుకోవడం కంటే కాస్త ముందుంది, అంతే.

మొదటి గుణకం మైనస్‌లో ఉండటం చూసి విద్యార్థులు కంగారు పడతారు. పడనక్కరలేదు. స్నేహానికి సమయం కావాలి, ఓపిక కావాలి. కారణం లేకుండా అందరితోనూ స్నేహం చేసేవారు ఉండరు. దాదాపు ప్రతి నెట్‌వర్క్‌లోనూ అది మైనస్సే.

లలిత మనసులో ఇలా కూడికలు చేస్తుందని దీని అర్థం కాదు. ఆమె ఎంపికలు ఇలాంటి లెక్కకు దగ్గరగా నడుస్తాయని మాత్రమే మోడల్ చెబుతుంది.

స్నేహితులు ఒకేలా ఉంటారు. కలిసి తిరిగి అలా అయ్యారా, అలా ఉన్నందుకే కలిశారా?

ఈ రంగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుందంటే తప్పు కాదు. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అని మన పెద్దలు చెప్పింది ప్రభావం గురించి. తనలాంటివారినే వెతుక్కుని చేరడం ఎంపిక. ఒక్క పటంలో చూస్తే ఈ రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి: సిగరెట్ తాగేవాళ్ల పక్కన సిగరెట్ తాగేవాళ్లు.

విడదీయాలంటే వరుస తెలియాలి. స్నేహం ముందా, అలవాటు ముందా? స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఒక పాఠశాలలో 160 మంది పిల్లలను 1995 నుంచి ఏడాదికోసారి, మొత్తం మూడు విడతలు, స్నేహితుల పేర్లతో పాటు పొగ, మద్యం అలవాట్ల గురించి అడిగారు. స్నేహం, అలవాటు రెండూ ఒకదాన్నొకటి మార్చుకుంటూ కలిసి నడుస్తాయని రాసిన మోడల్‌ను స్టెగ్లిచ్, స్నైడర్స్, పియర్సన్ 2010లో ఆ డేటాపై చూపించారు. ఎంపికకు ఒక గుణకం, ప్రభావానికి మరొకటి, రెండూ ఒకే అంచనాలో. ఒకటి లేకుండా రెండోదాన్ని మాత్రమే పెడితే, పెట్టినదానికే మొత్తం పేరు దక్కుతుంది.

ఇక్కడే చాలా జాగ్రత్త కావాలి. 2007లో క్రిస్టాకిస్, ఫౌలర్ అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనంలో 12,067 మంది 32 ఏళ్ల వివరాలు చూసి, స్నేహితుడు స్థూలకాయుడైతే మనకూ ఆ అవకాశం 57 శాతం పెరుగుతుందని రాశారు. ప్రపంచమంతా ఆ మాట పాకింది. మరుసటి ఏడాదే కోహెన్-కోల్, ఫ్లెచర్ అలాంటి పద్ధతినే కౌమార వయసువారి మొటిమలు, తలనొప్పి, ఎత్తు మీద నడిపి చూశారు. ఎత్తు కూడా స్నేహితుడి నుంచి ‘అంటుకుంటున్నట్టు’ వచ్చింది! పరిసరాల తేడాలను లెక్కలోకి తెచ్చాక ఆ ప్రభావాలు తగ్గిపోయాయి. 2011లో షలీజీ, థామస్ ఇంకా లోతుగా వెళ్లి, మనం కొలవని లక్షణం వల్ల స్నేహం ఏర్పడుతూ ఉంటే, కేవలం పరిశీలించిన డేటాతో ఎంపికనూ ప్రభావాన్నీ విడదీయడం సాధారణంగా సాధ్యం కాదని చూపారు.

కాబట్టి నా దగ్గరకు వచ్చే ప్రతి విద్యార్థికీ ఒకటే చెబుతాను. ‘స్నేహితుల ప్రభావం నిరూపితమైంది’ అని రాయకండి. ‘ఈ లక్షణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ప్రభావానికి ఆధారం కనిపించింది’ అని రాయండి. ఒక పిల్లవాడిని హాస్టల్ నుంచి పంపించాలా వద్దా అనే నిర్ణయం ఈ రెండు వాక్యాల మధ్య తేడా మీద నిలబడవచ్చు.

మన హైదరాబాద్‌లో ఇలాంటి అధ్యయనం జరిగిందా?

జరిగింది, నగరంలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినది. 2000ల మధ్యలో హైదరాబాద్‌లోని 104 బస్తీలు, కాలనీలలో సగాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి, సూక్ష్మరుణ సంస్థ ముందుగా అక్కడ శాఖలు తెరిచింది. మిగతా చోట్లకు తర్వాత వెళ్లింది. రుణాల వల్ల కుటుంబాల ఆదాయం ఎలా మారిందన్నది మొదటి ప్రశ్న. తర్వాత బెనర్జీ, డఫ్లో, చంద్రశేఖర్, జాక్సన్, మరికొందరు ఆర్థికవేత్తలు మరో ప్రశ్న అడిగారు: బయటి రుణం వచ్చాక ఇరుగుపొరుగు సంబంధాలు ఏమయ్యాయి?

కర్ణాటకలో 75 గ్రామాల్లో ముందూ వెనుకా నెట్‌వర్క్ సర్వే చేశారు. వాటిలో 43 గ్రామాలకు సూక్ష్మరుణం వచ్చింది. ఆ గ్రామాల్లో సంబంధాలు మిగతాచోట్ల కంటే ఎక్కువగా తగ్గాయి. హైదరాబాద్‌లోనూ రుణం ముందుగా అందిన బస్తీల్లో బంధాలు తక్కువగా కనిపించాయి. అందరినీ ఆశ్చర్యపరిచింది ఇది: రుణం తీసుకునే అవకాశం చాలా తక్కువగా ఉన్న కుటుంబాల మధ్య ఉన్న బంధాలు కూడా తగ్గాయి.

రుణం తీసుకున్నావిడ పక్కింటికి వెళ్లి చేబదులు అడగడం మానేస్తుంది, అది అర్థమవుతుంది. మరి ఆ రుణంతో సంబంధం లేని ఇద్దరు ఎందుకు దూరమవుతారు? బోరింగు దగ్గర, గుమ్మం దగ్గర, చిట్టీ రోజున నలుగురు కూర్చునేవారు. వారిలో ఇద్దరు రావడం మానేస్తే మిగిలిన ఇద్దరికీ అక్కడికి వెళ్లే కారణం తగ్గుతుంది. బంధాలు కలుసుకునే చోటును పంచుకుంటాయి. ఈ గుమ్మం ఉదాహరణ నాది, కానీ ఆ పరిశోధకులు ఇచ్చిన వివరణ సారం ఇలాంటిదే. అప్పు లేని పేదరాలికి రేపు అవసరం వస్తే చేయి చాచడానికి ఒక గుమ్మం తగ్గింది. ఆ నష్టం ఏ రుణ ఖాతాలోనూ కనిపించదు.

ఈ పనిలో సియెనా లాంటి మోడల్ వాడలేదు. హైదరాబాద్‌లో బలం లాటరీది, కర్ణాటకలో ముందూ వెనుకా పోల్చిచూడటానిది. లాటరీ వేసే వీలున్నప్పుడు దాన్ని వదులుకోకండి. ఎంత గొప్ప మోడలైనా దానికి సాటి రాదు.

ఎంతమంది కావాలి? ఎన్ని విడతలు? మధ్యలో ఎంత వ్యవధి?

కనీసం రెండు విడతలు. మూడు ఉంటే ధైర్యం. మనుషులు 20 నుంచి కొన్ని వందల దాకా అయితే సియెనా పద్ధతి హాయిగా నడుస్తుంది. ఇంతకంటే పెద్దదైతే అందరికీ అందరూ తెలిసే అవకాశం ఉండదు కాబట్టి మోడల్ ఊహే చెడుతుంది.

వ్యవధిని జకార్డ్ సూచికతో పరీక్షించుకోండి. రెండుసార్లూ ఉన్న బంధాలను, ఎప్పుడో ఒకసారైనా ఉన్న మొత్తం బంధాలతో భాగించాలి. మన హాస్టల్‌లో 40ని 78తో భాగిస్తే 0.51. బాగుంది. 0.3 దాటితే మంచిది. 0.2 కంటే తగ్గితే మధ్యలో చాలా జరిగిపోయిందని, మన రెండు ఫోటోలూ రెండు వేరే ఊళ్లవిలా ఉన్నాయని అర్థం. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత వెంటనే సర్వే పెట్టవద్దు. ఊరి నుంచి తిరిగి రానివారు ఎక్కువ ఉంటారు. జవాబు ఇవ్వనివారు 10 శాతం దాకా ఉంటే సర్దుకోవచ్చు, 20 శాతం దాటితే ఫలితాలను నమ్మడం కష్టం.

ప్రశ్న ఎలా అడగాలి?

‘మీ స్నేహితులు ఎవరు?’ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకుంటారు. కొందరు గదివాళ్లందరినీ రాస్తారు, కొందరు ఒక్క ప్రాణస్నేహితురాలిని రాసి కాగితం మడిచేస్తారు. ‘గత రెండు వారాల్లో చదువు కాని విషయాలు మీరు ఎవరితో మాట్లాడారు?’ అని అడగండి. అన్ని విడతల్లోనూ అదే వాక్యం, ఒక్క అక్షరం మారకుండా. వాక్యం మారితే స్నేహం మారినట్టు కనిపిస్తుంది.

ఖాళీ గీతలు ఇచ్చి పేర్లు రాయమనడం కంటే అందరి పేర్లూ ముద్రించిన జాబితా ఇవ్వడం మేలు. గుర్తురాక వదిలేసిన పేరుకూ, కావాలని వదిలేసిన పేరుకూ తేడా అప్పుడే తెలుస్తుంది. ‘అయిదుగురు పేర్లు రాయండి’ అని హద్దు పెట్టకండి. హద్దు పెడితే ఆరో స్నేహం లేనట్టే, ఇద్దరే ఉన్నవారు మరో ముగ్గురిని వెతికి రాస్తారు.

మన దగ్గర మరో చిక్కు. 30 మంది అబ్బాయిలున్న హాస్టల్‌లో నలుగురు సాయిలుంటారు: సాయి కిరణ్, సాయి తేజ, సాయి కుమార్, ఒట్టి సాయి. ‘సాయి’ అని రాసి ఉన్న కాగితం చేతికొస్తే ఆ గీత ఎవరి వైపు వెళ్లాలి? జాబితాలో పేరు పక్కన గది నంబరు ముద్రించండి, టిక్కు పెట్టమనండి.

మధ్యలో హాస్టల్ వదిలి వెళ్లినవారిని ఏమి చేయాలి?

మొదట్లో నేను చేసిన తప్పు ఇక్కడే. వెళ్లిపోయినవారి వరుసల్లో సున్నాలు పెట్టాను. వారు అందరితోనూ తెగతెంపులు చేసుకున్నారని మోడల్ చదువుకుంది, విడిపోవడం ఎక్కువని తేల్చింది. రెండు వారాల పని మళ్లీ చేయవలసి వచ్చింది. లేని మనిషికి బంధం ఉండే వీలే లేదని చెప్పడానికి వేరే గుర్తు ఉంది, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ ఇచ్చే సౌకర్యమూ ఉంది. వాడండి.

వాట్సాప్, ఫోన్ రికార్డులు ఉంటే సర్వే అక్కరలేదా?

అవి వేరే ప్రశ్నకు జవాబిస్తాయి. పాల ప్యాకెట్ల వ్యక్తికి రోజూ సందేశం పంపే ఇల్లాలికి ఆయన ఆప్తుడు కాడు. ఏళ్లుగా మాట్లాడని అక్క ఆప్తురాలే. మాటల రాకపోకలు తెలుసుకోవాలంటే రికార్డులు, మనసు తెలుసుకోవాలంటే సర్వే.

నా ఫలితం సరిగా వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

మొదట అంచనా స్థిరపడిందో లేదో చూడండి. సియెనా 1951లో రాబిన్స్, మన్రో ఇచ్చిన పద్ధతి ఆధారంగా అడుగులు వేస్తూ గుణకాలను వెతుకుతుంది. ప్రతి గుణకానికీ చూపించే స్థిరత్వ నిష్పత్తి, మైనస్ గుర్తు వదిలేస్తే, 0.1 కంటే తక్కువ ఉండాలి. మొత్తం మీద గరిష్ఠ నిష్పత్తి 0.25 కంటే తక్కువ ఉండాలి. లేకపోతే వచ్చిన జవాబు నుంచే మళ్లీ మొదలుపెట్టి నడపండి.

తర్వాత, మోడల్‌తో వేల పటాలు తయారుచేయించి, మీరు నేరుగా చెప్పని లక్షణాలు నిజమైన పటానికి సరిపోతున్నాయో చూడండి. ఒక్కొక్కరి పేరు ఎంతమంది చెప్పారు, పటంలో ఒకరి నుంచి మరొకరికి ఎన్ని గీతల దూరం వంటివి. సరిపోకపోతే ఏదో కారణం మోడల్‌లో లేదన్నమాట.

ఏ కారణం చేర్చాలో చేర్చకముందే పరీక్షించే మార్గం కూడా ఉంది. దాని పేరు స్కోర్ పరీక్ష. దాని మూలం 1948లో సి.ఆర్. రావు రాసినది. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన పేరుతో గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఒక పరిశోధనా సంస్థ ఉంది. ఆ దారిన వెళ్లే విద్యార్థులకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. వారు తెరపై చూసే ఆ చిన్న అంకె వెనుక ఉన్న ఆలోచన మనవాడిది.

అనుమతి, గోప్యత విషయంలో ఏమి చేయాలి?

మామూలు సర్వేలో మనిషి తన గురించి చెబుతాడు. ఇక్కడ ఇతరుల గురించి చెబుతాడు. అనుమతి ఇవ్వని అమ్మాయి పేరు కూడా పది కాగితాల్లో టిక్కులతో వస్తుంది. ఆమె వద్దంటే ఆ టిక్కులన్నీ తీసేయాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, కాబట్టి ఇంటర్మీడియట్ హాస్టల్ అయితే ముందు తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లండి.

పేర్లు, నంబర్ల జాబితా ఒకచోట, జవాబులు మరోచోట ఉంచండి. వార్డెన్ అడుగుతారు, ‘ఒక్కసారి ఆ పటం చూపించండి’ అని. మర్యాదగా కాదనండి. 30 మందిలో ఎవరూ పేరు చెప్పని అమ్మాయి ఎవరో పేరు లేకపోయినా ఆ పటంలో తెలిసిపోతుంది. ఆమె మనల్ని నమ్మి కాగితం నింపింది.

సాఫ్ట్‌వేర్ ఏది? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆర్‌సియెనా, స్టాట్‌నెట్ ప్యాకేజీలు ఉచితం. మామూలు ల్యాప్‌టాప్ చాలు. 50 మంది మీద అంచనా ఒక టీ తాగేలోపు అయిపోతుంది. సొంత డేటా సేకరించకముందే ఆర్‌సియెనాతో వచ్చే గ్లాస్గో డేటా ముక్కను తెరవండి: 50 మంది అమ్మాయిలు, మూడు విడతలు, పొగ, మద్యం అలవాట్లు. ముందు జకార్డ్ సూచికను చేత్తో లెక్కించి, ఆ తర్వాత ప్రోగ్రామ్ చెప్పినదానితో పోల్చండి.